గూట్లోని గంగ కుండ

సొర్రవానిపేట,
శ్రీకాకుళం జిల్లా.
మార్చి, ఆదివారం.

తమ్ముడూ గోవిందూ,

సూర్యనారాయణమూర్తి చల్లని చూపు నీమీద ఉండాలి.

నువ్వు బతికే ఉన్నావని, పక్క దేశం జైల్లో ఉన్నావని తుఫాను సాయానికి మనూరు వచ్చిన ఫౌండేషన్‌లో పనిచేసే యమున వచ్చి చెప్పింది. గుజరాతు వీరావల్ నుంచి మీ బోటు యజమాని కబురు అందకముందే ఆ పిల్ల ఢిల్లీలో ఎవరెవరినో అడిగి కనుక్కుంది. విజయనగరం నుంచి స్కూటరు మీద వచ్చి, హెల్మెట్ తీయకుండానే చెప్పింది. ఆ పూటే నేను అరసవల్లి వెళ్లి వచ్చాను. నాకు చేతనైంది అదే.

ఉత్తరం ఒక కాగితం దాటకూడదట. తెలుగు చదివే మనిషి దొరికేదాకా అక్కడ ఆపుతారట. ఎవరినీ తప్పుపట్టే మాట ఉండకూడదట. నాకు అదేమీ కష్టం కాదు. "మీ అక్క ఉత్తరం రాస్తే సిరునామా పెద్దది, సంగతి సిన్నది" అని మీ బావ కూర్మయ్య పక్కన కూర్చుని అంటున్నాడు.

ఇంటి సంగతి నీకు సగమే తెలుసు. కిందటి కార్తీకంలో వచ్చిన తుఫాను మన వీధిలో ఒక్క కప్పూ మిగల్చలేదు. అప్పుడు నువ్వు బోటు మీద ఉన్నావు. "కప్పు లేచిపోయినాది, మేం బాగున్నాం" అని మాత్రమే చిన్నతల్లి నీకు ఫోనులో చెప్పింది. కప్పుతోపాటు మూడు గోడలు కూడా పోయాయి. నువ్వు కట్టిన పడమటి గోడ ఒక్కటే నిలిచింది. నీ పెళ్లాం చిన్నతల్లి, కూతురు ఉష ఆ గోడకి నీలం టార్పాలిన్ కట్టుకుని ఉంటున్నారు. ఆ గోడ గూట్లో గంగ కుండ చెక్కు చెదరలేదు.

తిండికి లోటు లేదు. బడి వరండాలో ఫౌండేషన్ వంట పెట్టింది. గరిటె నాకు అప్పగించారు. గజపతినగరం వైపు రైతులు బియ్యం, ఉలవలు లారీలో తెచ్చారు. వాళ్లకి వానలు పడని ఏడు మన పడవలవాళ్లం ఎండుచేపలు పంపాం కదా, అది వాళ్లు మరిచిపోలేదు. ఫౌండేషన్ పెద్ద జగన్నాధం గారు బస్తా దించి, "మీ ఎండుసేపల కంపు మా గాదెల్లో ఇంకా ఉన్నాదమ్మా. అది వదిలించుకోడానికొచ్చినాం" అన్నారు. తుఫాను తర్వాత ఊళ్లో జనం నవ్వడం అప్పుడే చూశాను.

చిన్నతల్లి చెప్పిన మాటలు చెప్పినట్టే కింద రాస్తున్నాను.

"మావా, బాగున్నావేటి? అక్కడ సేపల కూర పెడతన్నారా? పెట్టరు. నువ్వు గీత దాటినావని పట్టుకున్నారంట కదా. నీటి మీద గీత సేపకే కనబడదు, నీకేటి కనబడతాది. ఉష నీ గళ్ల సొక్కా కప్పుకుని పడుకుంటన్నాది. ఉతకనివ్వట్లేదు. వేగిరం రా, సొక్కా కంపు కొడతన్నాది."

మీ అక్క,
లక్ష్మణమ్మ


జైలు,
మే నెల.

అక్కా,

నీకూ బావకీ దండాలు. ఉత్తరం అందింది. దాన్ని ఇక్కడి మనవాళ్లందరికీ చదివి వినిపించాను. గుజరాతీలకి కూడా అర్థం చెప్పాను. గీత సేపకే కనబడదన్న మాటకి వాళ్లు పడీ పడీ నవ్వారు. ఇప్పుడు వాళ్లు నన్ను పేరుతో పిలవరు, సేప అనే పిలుస్తున్నారు.

నేను బాగున్నాను. భోగాపురం వైపు ధర్మేంద్ర అనే అతను నా పక్క చాపలో ఉంటాడు. మనవైపు మాట వినబడితే చాలు, కడుపు నిండినట్టు ఉంటుంది. ఇక్కడ పూసలతో గాజులు అల్లడం నేర్పుతున్నారు. వల అల్లిన చేతికి అదెంత పని. చిన్నతల్లికి ఒక జత మొదలుపెట్టాను. ఎరుపు, తెలుపు. చేతి కొలత ఇక్కడ ఎవరు చెప్తారు, కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుని అల్లుతున్నాను.

గోడ నిలిచిందంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. కట్టేటప్పుడు బావ ఏమన్నాడో అడుగు. "ఒరే, ఇది గోడ కాదు, తాగి నిలబడినోడు" అన్నాడు. తూర్పుకి కాస్త వంగింది, నిజమే. తాగినోడే నిలబడ్డాడని చెప్పు.

ఎండ నా గదిలోకి వస్తుందా అని నువ్వు అడగలేదు కానీ, అడుగుతావని నాకు తెలుసు. వస్తుంది. పైన చిన్న కంత ఉంది. అన్నం వేళకి అరచేయంత ఎండ నేల మీద పడుతుంది. నీ పేరు చెప్పి దండం పెడుతున్నాను.

మనిషిని ఎప్పుడు వదులుతారో ఎవరూ చెప్పరు. మీరు దిగులు పడొద్దు.

నీ తమ్ముడు,
గోవిందు


సొర్రవానిపేట,
జూలై.

తమ్ముడూ,

నీ ఉత్తరం దేవుడి దగ్గర పెట్టి తర్వాత విప్పాను. ఎండ సంగతి చదివాక మిగతాది చదవడానికి కొంచెం సేపు పట్టింది.

ఇక్కడ ఇళ్లు లేచాయి. సరుగుడు తోట దాటాక దిబ్బ ఉంది కదా, అక్కడ. ఇల్లిల్లూ ఒక మనిషిని ఇస్తే ఫౌండేషన్ సిమెంటు, ఇనుము, మేస్త్రీని ఇచ్చింది. ఎవరి ఇంటి స్లాబు అయినా ఊరంతా కలిసి వేయాలి, అదే షరతు. మీ ఇంటి స్లాబు రోజున చిన్నతల్లి తట్టలు మోస్తూ, "వదినా, మావ కడితే ఆరు నెల్లు, ఈళ్లు కడితే ఒక పూట. ఈ సంగతి ఉత్తరంలో రాయకు, అలుగుతాడు" అంది. రాశాను. అలగకు.

ఇల్లు సిద్ధమైంది. తాళం చేతికిచ్చారు. ఆమె మాత్రం కదలడం లేదు.

యమునకి ఇది అర్థం కాలేదు. నాతో తగవుకి వచ్చినట్టు అడిగింది. నేను చెప్పాను. మా ఇళ్లలో గంగ కుండే గంగమ్మ. కొత్త గుమ్మంలోకి ముందు అదే వెళ్లాలి. మగడు ఎత్తాలి, ఆలు చేయి వేయాలి. మగడు వేటకి వెళ్లి ఉంటే వచ్చేదాకా ఆగుతారు. ఎన్నాళ్లయినా ఆగుతారు. అతని కుండ అతను వచ్చి ఎత్తుతాడని నమ్మకం, అందుకే ఆగుతారు. ఆలు లేని ఇంట్లో అయితే ఆడపడుచు ఎత్తుతుంది.

"అయితే నువ్వే ఎత్తేయ్ లక్ష్మణమ్మక్కా, నువ్వు ఆడపడుచువే కదా" అంది యమున.

నేను జవాబు చెప్పేలోపే చిన్నతల్లి నవ్వింది. "మేడమ్, వదిన ఎత్తితే నేను సచ్చిపోయినట్టు లెక్క. మీకంత తొందరగా ఉన్నాదేటి?" అంది.

యమున ముఖం చిన్నబుచ్చుకుంది. ఫౌండేషన్‌కి ఒక నియమం ఉంది. ఎవరినీ వాళ్ల చోటు నుంచి బలవంతంగా లేపకూడదు. వేరేచోట్ల లేపడం చూసి జగన్నాధం గారే ఆ నియమం పెట్టించారు. మంచి నియమమే.

గోడ కాస్త తడిసింది. వానలు బాగా పడుతున్నాయి.

నువ్వు ఒక మాట రాస్తే ఆమె వింటుంది. నా మాట మంచిదంటుంది, నీ మాట వింటుంది.

"మావా, నేను బాగానే ఉన్నాను. వదిన ఊరికే రాస్తన్నాది. టార్పాలిన్ కింద గాలి బాగా వస్తాది. కుండ రోజూ తుడుస్తన్నాను. గాజులు సిన్నవి అల్లకు, నేను సన్నబడిపోనాననుకుంటన్నావేమో. లేదు."

దేవుడు చూస్తాడు.
మీ అక్క


జైలు,
ఆగస్టు.

అక్కా, చిన్నతల్లీ,

ఇద్దరూ వినండి. మంచి కబురు. దసరాకి మమ్మల్ని వదులుతున్నారు. ఖాయం. మన దేశం వాళ్లు వచ్చి పేర్లు, ఊళ్లు, వేలిముద్రలు అన్నీ రాసుకున్నారు. ధర్మేంద్ర అప్పుడే తన చెంబు ఎవరికిస్తాడో చెప్పేశాడు.

అందుకని చిన్నతల్లీ, ఈ కొద్ది రోజులూ ఆగు. గోడ జోలికి ఎవరినీ వెళ్లనీయకు. నేను వచ్చి నా చేత్తో గూట్లోంచి కుండ దించుతాను. నువ్వు చేయి వెయ్యి. ఉషని ముందు నడవమను. ఫౌండేషన్ వాళ్లందరికీ ఆ రోజు కోనాం చేప వండిపెడదాం. జగన్నాధం గారి గాదెల సంగతి ఏమో కానీ చేతులకి కంపు అంటిద్దాం.

ఇక్కడ పడుకునే ముందు రోజూ అదే తలుచుకుంటున్నాను. గూడు, కుండ, దిబ్బ మీదికి నడక. దారిలో సరుగుడు ఆకు కాళ్లకి గుచ్చుకోవడం కూడా. ఆ ఒక్క పని మాత్రం నాకు ఉంచండి.

అక్కా, అరసవల్లిలో చెప్పు. వస్తున్నానని.

గోవిందు


సొర్రవానిపేట,
సెప్టెంబరు మొదట.

తమ్ముడూ,

ఈసారి ఉత్తరం తొందరగా అందింది. చిన్నతల్లి దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. వీధిలో ఎవరు పలకరించినా "దసరాకి వస్తన్నాడు" అంటోంది. చేపల బుట్టతో శ్రీకాకుళం వెళ్లి బేరం చేస్తూ కొన్నవాళ్లకి కూడా చెప్పిందట. ఉష గళ్ల చొక్కా ఉతకనిచ్చింది.

నేను నీకు ఎక్కువ రాయలేదు. జూలైలో గోడ కాస్త తడిసింది అన్నాను. ఇప్పుడు ఉన్నది రాస్తాను. మేస్త్రి హరిబాబు వచ్చి పునాది చూశాడు. పోయిన తుఫానుకి కింద ఇసుక కోసుకుపోయింది. గోడ నేల మీద లేదు, అలవాటు మీద నిలబడి ఉంది అన్నాడు. మళ్లీ ఒక గాలి వస్తే నిలవదు. వీధిలో మిగిలిన మొండిగోడలన్నీ పడగొట్టారు. ఇది ఒక్కటే ఉంది. హరిబాబు గునపం తెచ్చాడు. చిన్నతల్లి గోడకి వీపు ఆనించి నిలబడింది.

"అన్నా, నీకు దండం పెడతాను. ఇన్నాళ్లూ నిలబడినాది, ఇంకొన్నాళ్లు నిలబడదా? ఆడు మరీ మరీ రాసినాడు" అంది.

హరిబాబు నా వైపు చూశాడు. నేను యమున వైపు చూశాను. యమున నేల వైపు చూసింది. గునపం పట్టుకుని వెళ్లిపోయాడు.

ఉషని రాత్రిళ్లు నా దగ్గర పడుకోబెట్టుకుంటున్నాను. చిన్నతల్లిని కూడా రమ్మన్నాను. కుండ ఒంటరిగా ఉండకూడదంటుంది.

దసరాకి నువ్వు రావాలని పూజ చేస్తున్నాను. రాకపోయినా ఆమె కదలాలి. అది నీ చేతిలోనే ఉంది. నువ్వేమో అక్కడ ఉన్నావు. వెంటనే రాయి. గోడ తీయమని రాయి. కదలమని రాయి. ఇంతకంటే గట్టిగా రాయడం నాకు రాదు.

"మావా, కోనాం కాదు, సందువ వండుదాం. కోనాం ఇప్పుడు పడట్లేదు."

లక్ష్మణమ్మ


జైలు,
దసరా మర్నాడు.

అక్కా,

పేర్లు పిలిచారు. ధర్మేంద్రని పిలిచారు. నన్ను పిలవలేదు. మళ్లీ పిలుస్తారేమోనని తలుపు దగ్గరే నిలబడ్డాను. కాగితం మడిచేసి వెళ్లిపోయారు.

నీ సెప్టెంబరు ఉత్తరం నిన్ననే చేతికిచ్చారు.

ఖాయం అని రాశాను కదా. నాకెవరూ ఖాయమని చెప్పలేదు. వేలిముద్ర తీసుకుంటే అంతే అని అందరూ అనుకున్నాం. చిన్నతల్లి కంటినిండా నిద్రపోతుందని ఆ మాట రాసేశాను. ఆమె గోడకి వీపు ఆనించి నిలబడుతుందని నాకేం తెలుసు.

గోడ తీసేయండి. ఈ పూటే తీసేయండి. హరిబాబన్నకి నా మాటగా చెప్పు. బావ అన్నది నిజమే, తాగినోడే అది, ఎప్పుడు పడతాడో తెలియదు.

కుండ చిన్నతల్లినే ఎత్తమను. ఒక్కర్తే ఎత్తినా గంగమ్మ ఏమీ అనుకోదు. నేను ఇక్కడినుంచి చేయి వేశాననుకోమను. ఇది మొగుడి మాట అని చెప్పు. ఒట్టు అని చెప్పు. వినకపోతే తిట్టు. నువ్వు ఎవరినీ తిట్టవు, ఈ ఒక్కసారి తిట్టు.

ధర్మేంద్ర చేతికి ఈ ఉత్తరం, గాజులు ఇస్తున్నాను. పోస్టు కంటే మనిషి ముందొస్తాడని. అతను సరిహద్దు దాటి, అక్కడి విచారణలు అయ్యి, రైలెక్కాలి. ఎన్నాళ్లు పడుతుందో. పరిగెత్తమని చెప్పాను. నవ్వాడు. అతనికి మాత్రం ఏం తెలుసు.

గోవిందు


(పంపని ఉత్తరం)

సొర్రవానిపేట,
నవంబరు.

తమ్ముడూ,

ధర్మేంద్ర ఈ వేళ వచ్చాడు. తన ఇంటికి కూడా వెళ్లకుండా రైలు దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు. "చిన్నతల్లొదిన ఎవరమ్మా?" అని అడిగాడు. పటం చూపించాను. పటానికి దండ ఉంది. గాజులు పటం ముందు పెట్టి, చాలాసేపు చెప్పులు వెతుక్కుంటూ వాకిట్లో తిరిగాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

దసరా వెళ్లాక, దీపావళికి ముందు మళ్లీ తుఫాను వచ్చింది. ఫౌండేషన్ ట్రాక్టరు మైకుతో వీధి వీధీ తిరిగింది. అందరం దిబ్బ ఎక్కాం. చిన్నతల్లి కూడా వచ్చింది, తమ్ముడూ. ఈసారి మారు మాట్లాడలేదు. ఉషని తెచ్చింది, వలలు తెచ్చింది. పక్కింటి ముసలమ్మ తాతమ్మని వీపు మీద మోసుకొచ్చింది. దిబ్బ మీద ఒక్క ఇంటి కప్పు కదల్లేదు. మేమందరం పొడిగా కూర్చున్నాం. నేను అన్నం వారుస్తున్నాను.

నడుమ గాలి ఆగింది. "వదినా, కుండ ఉండిపోనాది. ఇలాగెళ్లి అలాగొచ్చేస్తాను" అంది.

వద్దన్నాను.

"మావ వస్తే ఏటి ఎత్తుతాడు మరి?" అంది. నవ్వుతూనే అంది.

మళ్లీ వద్దన్నాను. చేతిలో గంజి గిన్నె దించి చూసేసరికి సరుగుడు చెట్ల మధ్య ఆమె చీర కొంగు కనబడింది. మీ బావ వెనక పరిగెత్తాడు. గాలి ఈసారి పడమటి నుంచి కొట్టింది.

హరిబాబు, జగన్నాధం గారు, మీ బావ ఇటుకలు చేతులతో తీశారు. కుండ పగల్లేదు. దాన్ని పొట్ట కింద పెట్టుకుని పడుకుని ఉంది.

కార్యం అంతా ఫౌండేషన్ చూసింది. ఏడు ఊళ్ల నుంచి జనం వచ్చారు. ఆ రోజు ఏడు ఊళ్లలో పడవ దించలేదు. యమున మెట్టు మీద కూర్చుని, "బలవంతం చేయకూడదని మేమే పెట్టుకున్నాం లక్ష్మణమ్మక్కా. బలవంతం చేసుంటే తిట్టేది, బతికేది" అంటూనే ఉంది. ఆ పిల్ల తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆదిత్య హృదయం చదివాను. మధ్యలో ఆగిపోయింది.

ఉషకి ఇల్లు కావాలి. పదకొండో రోజు అయ్యాక కుండ నేనే ఎత్తి గుమ్మం దాటాను. తేలికగా ఉంది. ఇంత తేలికైనదా అనుకున్నాను.

ఇదంతా నీకు పంపలేను. ఇక్కడైతే నువ్వు ఏడిస్తే పట్టుకోడానికి నలుగురం ఉన్నాం. అక్కడ అరచేయంత ఎండ ఉంది. నువ్వు రాసిన మాటకి ఆమె ఆగిందని ఆ గదిలో నీకు ఎలా చెప్పను?

దేవుడి పటం వెనక పెడుతున్నాను. నువ్వు వచ్చాక నీ చేతికిస్తాను.


సొర్రవానిపేట,
డిసెంబరు.

తమ్ముడూ గోవిందూ,

సూర్యనారాయణమూర్తి నీకు తోడుండాలి.

ధర్మేంద్ర వచ్చాడు. ఉత్తరం వేళకే అందింది. గాజులు అందాయి. ఎరుపు, తెలుపు బాగా కుదిరాయి.

దీపావళి ముందు ఒక తుఫాను వచ్చింది. దిబ్బ మీద ఇళ్లకి ఏమీ కాలేదు. అందరం అక్కడే ఉన్నాం. తాతమ్మని కూడా తెచ్చుకున్నాం. గోడ ఇప్పుడు లేదు. ఇటుకలు బడి దగ్గర అరుగుకి వాడారు.

కొత్త ఇంట్లో దీపం పెట్టాం. కుండ నేను ఎత్తాను. ఉష ముందు నడిచింది. నువ్వు కోరినట్టే.

పడవలు పాడైన వాళ్లకి ఫౌండేషన్ ఇంజన్లు బాగుచేయిస్తోంది. ఈసారి గజపతినగరం వాళ్లు బియ్యంతోపాటు చింతపండు కూడా పంపారు. నీ విడుదల కోసం ఏడు ఊళ్లవాళ్లూ సంతకాలు పెట్టారు. వేలిముద్రలే ఎక్కువ. యమున, జగన్నాధం గారు ఢిల్లీ తీసుకెళ్తారు.

చిన్నతల్లి వాళ్ల అమ్మకి ఒంట్లో బాగోలేదని పుట్టింటికి వెళ్లింది. అందుకే కింద ఆమె మాటలు లేవు.

వేళకి తిను.
మీ అక్క


జైలు,
ఫిబ్రవరి.

అక్కా,

నీ ఉత్తరం అందింది.

మొదటిసారి చదివి సంతోషపడ్డాను. ఇక్కడివాళ్లకి చదివి వినిపించాను. అందరూ నా వీపు తట్టారు. చిన్నతల్లి ఏమందో చెప్పరా సేపా అన్నారు. పుట్టింటికి వెళ్లిందన్నాను. అప్పుడు మళ్లీ చదువుకున్నాను.

కుండ నేను ఎత్తాను అని రాశావు.

ఒక్కర్తే అయినా చిన్నతల్లినే ఎత్తమన్నాను కదా అక్కా. ఇల్లాలు ఉన్న ఇంట్లో ఆడపడుచు కుండ ముట్టదు. చిన్నప్పుడు నేను ఆడుకుంటూ మనింటి కుండ మీద చేయి వేస్తే నా చేయి మీద కొట్టి, ఎవరు ఎప్పుడు ఎత్తాలో నేర్పింది నువ్వే. యమున మేడమ్ అడిగినప్పుడు చిన్నతల్లి ఏమందో కూడా నువ్వే రాశావు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది.

నీకు అబద్ధం రాయడం రాదు అక్కా. తక్కువ రాయడమే వచ్చు.

ఎలా అని అడగను. గోడ ఎప్పుడు తీశారో నువ్వు రాయలేదు. అది చాలు. దాన్ని ఉంచమన్నది ఎవరో నాకు తెలుసు. ఆ మాట జాకెట్లో పెట్టుకు తిరిగిందని కూడా నువ్వే రాశావు.

ఇక్కడివాళ్లు నాకు గుండు చేశారు. నీళ్ల ట్యాంకు దగ్గర తలా ఒక చెంబు పోశారు. మంత్రం ఎవరికీ రాదు. గుజరాతీ ముసలాయన ఒకడు వాళ్ల సముద్రం పాట ఏదో పాడాడు. ఎవరికోసమని ఒక్కడూ అడగలేదు. ఇప్పుడు సేప అని కూడా పిలవడం లేదు.

నువ్వు బాధపడకు. నేను ఏమీ చేసుకోను. ఉష ఉంది.

ఒక్కటే అడుగుతున్నాను. ఇక నుంచి నీ ఉత్తరం చివర ఉషని రెండు మాటలు రాయమను. అక్కడ ఖాళీ ఉంటే చదవలేకపోతున్నాను.

గోవిందు


సొర్రవానిపేట,
ఏప్రిల్.

తమ్ముడూ,

నువ్వు అనుకున్నది నిజం.

కుండ నేను ఎత్తానని రాసేటప్పుడు నాకు తెలియలేదు. ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికి నడుస్తుంటే, తోటలో సగం దారిలో తెలిసింది. వెనక్కి వెళ్లాను. డబ్బా ముందు నిలబడ్డాను. చేయి పట్టే కంత కాదు అది.

నీకు ఒక ఉత్తరం రాసి ఉంచాను. వచ్చాక చదువుకో.

యమున, జగన్నాధం గారు ఢిల్లీ వెళ్లి వచ్చారు. సంతకాలు తీసుకున్నారట. మాట్లాడతామన్నారట. వాళ్ల ముఖాలు చూసి నేనింకేమీ అడగలేదు. మజ్జిగ ఇచ్చాను. జగన్నాధం గారు గ్లాసు పట్టుకుని, "ఇల్లు కట్టగలం, వల నేయించగలం, పది ఊళ్లకి అన్నం పెట్టగలం. నీటి మీద గీత ఒక్కటి సెరపలేకపోతన్నాం లక్ష్మణమ్మా" అన్నారు. వాళ్ల ఊళ్లో కోతలు వదులుకుని వెళ్లారు పాపం.

దిబ్బ మీద కట్టిన ఇళ్లలో వేటికీ గూళ్లు లేవు. ఎవరికీ తోచలేదు. కుండలన్నీ నేల మీదే ఉన్నాయి. ఇప్పుడు హరిబాబు ఇంటింటికీ తిరిగి పడమటి గోడలో గూడు తొలుస్తున్నాడు. ఎవరూ అడగలేదు, తనే మొదలుపెట్టాడు. మన ఇల్లు మాత్రం వదిలేయమన్నాను. మనది నువ్వు తొలుచుకుందువు గాని. వంకరగా వచ్చినా మీ బావ ఏమీ అనడట.

ఆదివారం ఆదివారం అరసవల్లి వెళ్తున్నాను. ఏమీ అడగడం లేదు. ఎండలో కూర్చుని వస్తున్నాను. ఆ ఎండే కదా నీ దగ్గరికీ వచ్చేది.

ఉషకి కాగితంలో మిగిలింది ఇస్తున్నాను. నేను దిద్దలేదు.

"నాన్నా, నేను బాగున్నాను. నీ గాజులు నాకు పెద్దవి అయిపోనాయి. అత్త దారం కట్టి బిగించినాది. నీ సొక్కా అమ్మ ఉతికేసినాది కదా, ఇప్పుడు వాసన రాట్లేదు. నువ్వొచ్చి మళ్లీ వేసుకోవాల. నాన్నా, కుండ అత్త ఎత్తేసినాది. నీకింక ఏటీ పని లేదు. నువ్వు వట్టి సేతుల్తో వచ్చేయ్."